ఎనిమిది పిక్సెళ్ళ తాతమ్మ

మా చెల్లి కూతురి ఓణీల ఫంక్షన్‌కి హాలు గుమ్మం పక్కన దాని చిన్నప్పటి ఫొటోలు నాలుగు పెద్దవి వేయించి పెడదామనుకున్నాం. "అక్కా, దాని పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నువ్వు కంప్యూటర్లో ఓ పేజీ చేశావు చూడు, అది కచ్చితంగా ఉండాలి" అంది చెల్లి. నాకూ ఆ పేజీ అంటే ప్రాణం. 2013లో చేశాను. తిరుమలలో కల్యాణకట్ట నుంచి వచ్చాక కాటేజీ మెట్ల మీద తీసిన ఫొటో: నున్నటి గుండు, దాని మీద ఇంకా ఆరని గంధం, ఒంటి మీద తనకంటే బరువైన ఎర్ర పట్టులంగా. చుట్టూ ముదురు పసుపు కాగితం, ఓ మూల గుండీలు, రిబ్బను, కింద నేను రాసిన నాలుగు ముక్కలు.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి పట్టుకెళ్ళాను. అబ్బాయి తెరిచాడు, ఓసారి పెద్దది చేసి చూశాడు, మళ్ళీ చిన్నది చేశాడు.

"అక్కా, ఇది పన్నెండు బై పన్నెండు వేస్తే పగిలిపోద్ది. పెద్ద ఫైలు లేదా?"

"అదేనయ్యా పెద్ద ఫైలు."

కాదు. 600 బై 600 పిక్సెళ్ళు. ప్రింటులో నాణ్యంగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి కదా, ఆ లెక్కన నా పేజీ రెండంగుళాల చదరం. అగ్గిపెట్టె పొడవు. నేను చేసింది 3600 బై 3600. మిగిలింది అందులో ముప్ఫై ఆరో వంతు.

ఎలా జరిగిందో ఇంటికొచ్చేలోపే గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందటి ఆ రాత్రి పేజీ అయిపోయింది, పదిమందికీ చూపించాలని తహతహ. ఫొటో, కాగితం, గుండీలు, రాత విడివిడిగా ఉండే పొరలన్నీ కలిపేసి ఒకటి చేశాను, ఇమేజ్ సైజులో 600 అని కొట్టాను, జేపెగ్ అనే తేలికపాటి బొమ్మ ఫైలు తీసి పంపాను. తర్వాత మామూలుగా వేళ్ళు వాటంతటవే కంట్రోల్ ఎస్ నొక్కాయి. అంతే. ఆ ఒక్క నొక్కుతో 3600 ఉన్న చోట 600 కూర్చుంది. పొరలు కలపకుండా ఉంటే కనీసం నేను రాసిన మాటలైనా అక్షరాలుగా మిగిలేవి. కలిపేశాను కాబట్టి అవి కూడా బొమ్మలో భాగమై బొమ్మతో పాటే కుంచించుకుపోయాయి.

అసలు ఫొటో వేరే డిస్కులో భద్రంగానే ఉంది కనుక పేజీ మళ్ళీ చేయొచ్చులే అనుకుని కూర్చున్నాను. కాగితం రంగు దొరికింది, గుండీలు దొరికాయి. కింద రాసిన మాటలు మళ్ళీ టైపు చేద్దామని తెరకి మొహం ఆనించి చూస్తే, నా రాత నాకే అర్థం కాలేదు. "మంగలి కత్తికి ఏడవలేదు, చన్నీళ్ళు పోస్తే ఏడ్చింది" వరకూ ఎలాగో కూడబలుక్కున్నాను. తర్వాతి వాక్యం "తాత", ఆ పక్కన ఓ నల్లమచ్చ, "ఒళ్ళోకి చేరాకే ఊరుకుంది." తాతమ్మా? తాతయ్యా?

చూడండి, తేడా ఎంతో. మకీ యకీ మధ్య ఉన్నది ఒక చిన్న మెలిక. కింద మ ఒత్తు, య ఒత్తు పెద్ద అక్షరాల్లో అయితే ఆమడ దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. నా పేజీలో ఆ అక్షరం సైజు 12 పాయింట్లు, అంటే అంగుళంలో ఆరో వంతు. 300 లెక్కన అది 50 పిక్సెళ్ళ ఎత్తు. 3600ని 600 చేస్తే ఆరో వంతు, అంటే ఎనిమిది పిక్సెళ్ళ చిల్లర. ఆ ఎనిమిదిలోనే తలకట్టు, అక్షరం, కింద ఒత్తు ముగ్గురూ సర్దుకోవాలి. ఒత్తుకి రెండు పిక్సెళ్ళు దక్కితే గొప్ప. రెండు పిక్సెళ్ళలో మ ఒత్తు ఏంటి, య ఒత్తు ఏంటి? పైన శీర్షికలో కొట్టొచ్చినట్టు రాసుకున్న "పుట్టువెంట్రుకలు" కూడా కాస్త సన్నటి ఫాంటులో పెట్టి ఉంటే "పుటువెంటుకలు" అయి కూర్చునేది.

ఇక్కడే నా గొడవ మొదలవుతుంది. ఇలా ఫొటో చుట్టూ కాగితం, అలంకారాలు, రాత పేర్చి చేసే స్క్రాప్‌బుక్ పేజీని నలుగురికీ పంపేటప్పుడు "రీసైజ్ చేసి సేవ్ చేయడం" అనేదాన్ని అందరూ ఆఖర్లో చేసే గుమాస్తా పనిలా చూస్తారు. నేనూ అలాగే చూశాను. పేజీ చేయడం కళ, చిన్నది చేయడం మాత్రం ఓ మీట నొక్కడం. ఇప్పుడు నేననేది అది మీట నొక్కే పని కాదని. చిన్న కాపీ అంటే పెద్దదాన్ని నొక్కి పిండడం కాదు, రెండో పేజీ వేయడం. తెలుగులో రాసుకునేవాళ్ళకి ఈ మాట మరీ నిజం.

ఈ పన్నెండంగుళాల కొలత మనది కాదు. ఇప్పటి తరహా స్క్రాప్‌బుక్ అమెరికాలో కాగితం, కత్తెర, జిగురుతో ఊపందుకున్న సరదా. అక్కడి ఆల్బం పేజీ మామూలుగా 12 అంగుళాల చదరం. పని కంప్యూటర్లోకి మారినా ఆ కొలత మారలేదు. ఈ అలంకారాల కట్టలు, అంటే కిట్లు అమ్మేవాళ్ళు కాగితాలన్నీ 3600 బై 3600 జేపెగ్‌లుగా, పువ్వులూ రిబ్బన్లూ వెనక ఏ రంగూ లేని పీఎన్‌జీలుగా ఇస్తారు. మన పెళ్ళి ఆల్బం డిజైనర్లు చేసేదీ ఇదే జాతి పని. కరిజ్మా అనే వాళ్ళ ఆల్బం షీటు 12 బై 36 అంగుళాలు, అంటే 3600 బై 10800. వాళ్ళు ప్రింటు కోసమే చేస్తారు, ప్రింటే ఇస్తారు, గొడవ లేదు. మనలాంటి సరదా వాళ్ళం మాత్రం ప్రింటు కొలతలో చేసి ఫోన్లో చూపిస్తాం.

ఫోన్ తెర వెడల్పు మూడంగుళాలు కూడా ఉండదు. పన్నెండంగుళాల పేజీ అందులో పడితే నాలుగు రెట్ల పైగా చిన్నదవుతుంది. 12 పాయింట్ల అక్షరం మూడు పాయింట్లకి దిగిపోతుంది. అంటే మిల్లీమీటరు ఎత్తు. పోనీ నేను 600 పిచ్చిలో పడకుండా మొత్తం 3600 పంపినా ఇదే కథ, ఎందుకంటే తెర పెరగదు కదా. వేళ్ళతో సాగదీసి చదువుకుంటారులే అంటారా? మా పిన్ని సాగదీయదు. "ఏంటే అది, అడుగున చీమలు పాకినట్టుంది" అని ఊరుకుంటుంది.

అందుకే ఇప్పుడు పంపే కాపీలో రాత మళ్ళీ పేరుస్తాను. కనీసం 30 పాయింట్లు. ఫోన్లకి పంపడానికి పేజీని 1080 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించాక కూడా అక్షరానికి 37 పిక్సెళ్ళు మిగులుతాయి, ఒత్తు ఒత్తులాగే ఉంటుంది. 30 పాయింట్లకి పెంచితే ఆరు వాక్యాలు ఆ చోట పట్టవు. రెండే ఉంచి మిగతావి పెద్ద పేజీకి వదిలేస్తాను. వరసల మధ్య దూరం కూడా ఇంగ్లిష్ వాళ్ళు పెట్టుకున్నంత చాలదు. పై వరస ఒత్తు దిగి కింది వరస గుడిని పొడుస్తుంది. ఒకటిన్నర రెట్లు ఇస్తే ఊపిరాడుతుంది. ఫాంటు సంగతికొస్తే, రామభద్ర లాంటి బండ ఫాంటు శీర్షికకి దర్జాగా ఉంటుంది గానీ నాలుగు వాక్యాలకి వాడి చిన్నది చేస్తే లోపలి ఖాళీలన్నీ పూడుకుపోతాయి. రాతకి మండలి లాంటి సాదా ఫాంటు మేలు. (ఇంకో మాట. ఆ రోజుల్లో నేను అను ఫాంట్లతో కొట్టేదాన్ని. అవి అన్ని సిస్టంలకీ అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కావు. ఇవాళ ఆ పాత ఫైళ్ళు ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే మంత్రాలు రాసినట్టు ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. అదింకో ఏడుపు, ఇంకోసారి.)

మారేది అక్షరం ఒక్కటే కాదు. గుండీ కాగితం మీద నిజంగా ఉన్నట్టు కనిపించడానికి దాని కింద నీడ వేస్తాం. 3600లో ఇరవై పిక్సెళ్ళ నీడ 1080లో ఆరు, 600లో మూడు. గుండీ కాగితం మీద నుంచి కాగితంలోకి దిగిపోతుంది, పేజీ అంతా అప్పడంలా చదునైపోతుంది. అందుకని చిన్న కాపీలో నీడ కాస్త పెంచాలి. గరుకు కాగితం సంగతి దీనికి తిరగేసి: పెద్దదానిలో అందంగా ఉన్న ఆ గరుకు చిన్నదానిలో ఇసక చల్లినట్టు అవుతుంది, పైగా ఫైలు బరువంతా అదే తినేస్తుంది. పాపాయి మొహానికి దక్కాల్సిన కేబీలు కాగితం ధూళికి పోతాయి. ఆ పొరని కొంచెం మెత్తబరిస్తే చాలు.

ఎందుకు తినేస్తుందంటే, 1992 నాటి జేపెగ్ పద్ధతి బొమ్మని ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని సన్న తేడాల్ని పారేస్తుంది. నున్నటి ఆకాశం గడికి ఖర్చు తక్కువ, గరుకు గడికి ఎక్కువ. నాణ్యత తగ్గించేకొద్దీ అక్షరాల అంచుల దగ్గర దోమలు ముసిరినట్టు మరకలు. దీనికి తోడు చాలాచోట్ల రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే సగానికి సగం తగ్గించి దాస్తారు, నిలువునా సగం, అడ్డంగా సగం. మనిషి కన్ను రంగు అంచుల్ని అంతగా పట్టించుకోదని ధీమా. నిజమే, గడ్డి ఫొటోలో పట్టించుకోదు. పసుపు కాగితం మీద ఎర్ర అక్షరాలు పెడితే పట్టించుకుంటుంది. శుభలేఖ రంగులు లేనిదే పండగ అనిపించని జాతి మనది, ఆ రంగులే ముందు చెదురుతాయి. రాత ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో పెట్టి, ఎరుపుని పెద్ద శీర్షికకే ఉంచుకుంటున్నాను. జేపెగ్ నాణ్యత వందకి ఎనభై చుట్టూ పెడతాను. వంద పెడితే ఫైలు ఊరికే ఉబ్బుతుంది, తేడా మాత్రం కనిపించదు.

పట్టులంగా జరీ గళ్ళతో ఓ తమాషా ఉంది. 2013 నాటి ఆ 600 కాపీలో లంగా మీద నేతలో లేని అలలు తేలాయి, నీళ్ళ మీద నూనె పడినట్టు. సన్నటి గళ్ళని మోటు పద్ధతిలో తగ్గిస్తే, ప్రోగ్రాం ఆరేసి పిక్సెళ్ళకి ఒకదాన్ని ఏరుకుని మిగతావి వదిలేస్తే, ఇలాంటి లేని గీతలు పుడతాయి. తగ్గించేటప్పుడు పద్ధతి ఎంచుకోమనే పెట్టె ఒకటుంటుంది, ఎవరూ దాని మొహం చూడరు. ఫొటోషాప్‌లో బైక్యూబిక్ షార్పర్, అలాంటిదే ఉచితంగా దొరికే గింప్‌లో క్యూబిక్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిక్సెళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. తగ్గించాక బొమ్మ కాస్త మెత్తబడుతుంది కనుక పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్ చిటికెడు. అర పిక్సెల్ వ్యాసార్థం దాటనివ్వను. దాటితే గుండు చుట్టూ తెల్ల గీత వచ్చి దేవుడి పటంలో ప్రభ అవుతుంది. ముందు పదును పెట్టి తర్వాత తగ్గించడం మాత్రం శుద్ధ దండగ, పెట్టిన పదునంతా తగ్గింపులో పోతుంది.

రంగుల విషయం తొందరగా చెప్పేస్తాను. అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పద్ధతిలో చేసిన పేజీని అలాగే పంపితే కొన్నిచోట్ల పట్టులంగా పది ఉతుకులు అయినట్టు వెలిసిపోయి కనిపిస్తుంది. పంపే కాపీని తెరలకి అలవాటైన ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. మారుస్తున్నది కాపీనే అని రెండుసార్లు చూసుకోండి.

ఇక 72 డీపీఐ, అంటే అంగుళానికి 72 చుక్కలు. "వెబ్‌కి 72 డీపీఐ పెట్టాలి" అని నాకు నేర్పినవాళ్ళు, నేను ఇంకొకరికి నేర్పిన పాపం, రెండూ ఉన్నాయి. 1984లో వచ్చిన మొదటి మాకింటాష్ తెర మీద అంగుళానికి 72 పిక్సెళ్ళు ఉండేవి; అచ్చు కొలతలో అంగుళానికి 72 పాయింట్లు కనుక ఆ జోడీ బాగా కుదిరింది. ఆ తెరలు పోయాయి, అంకె మాత్రం తద్దినంలా మిగిలింది. ఇవాళ్టి ఫోన్లలో అంగుళానికి 400 చుట్టుపక్కల ఉంటాయి. 1080 పిక్సెళ్ళ బొమ్మకి 72 అని రాసినా, 300 అని రాసినా తెర మీద అదే 1080. ఆ అంకె డబ్బా మీద అతికించిన చీటీ. చీటీ మారిస్తే లోపలి కందిపప్పు పెరగదు, తగ్గదు. ఇందులో ప్రమాదం కూడా ఉంది: ఇమేజ్ సైజు పెట్టెలో పిక్సెళ్ళ లెక్కనే మార్చేసే రీశాంపుల్ అనే టిక్కు ఉండగా 300ని 72 చేస్తే 3600 కాస్తా 864 అవుతుంది. చాలామంది పేజీలు తెలియకుండా చిన్నవైపోయింది ఇక్కడే.

అయితే ఎంతకి తగ్గించాలి? అది ఎక్కడికి వెళ్తుందన్న దాన్నిబట్టి. ఇన్‌స్టాగ్రామ్ మామూలుగా 1080 వెడల్పులో చూపిస్తుంది కనుక నేనే 1080 చేసి ఇస్తాను. ఫేస్‌బుక్‌కి 2048. నేను చేయకపోతే ఆ యాప్ చేస్తుంది, దానికి తాతమ్మ ఎవరో తెలియదు. వాట్సాప్ మామూలుగా పంపితే బాగా పిండేస్తుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ మీట వచ్చాక కొంత నయం. డాక్యుమెంటుగా పంపితే ముట్టుకోదు. ప్రింటు వేయించుకుంటామన్న బంధువులకి డాక్యుమెంటు, గ్రూపుకి మామూలు కాపీ. పోతే, నా పేజీని ఒకరు స్క్రీన్‌షాట్ తీసి, అది ఇంకొకరు స్టేటస్‌లో పెట్టి, దాన్ని మూడోవాళ్ళు మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపిన రోజు ఉంది. పదినోళ్ళు తిరిగిన మాటలా వచ్చింది. జేపెగ్‌ని తెరిచి మళ్ళీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ కొంత రాలిపోతుంది.

"మరీ ఇంత అవసరమా, వదినా? చూసేది రెండు క్షణాలు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పోతారు" అన్నాడు మా మరిది, ఈ రాద్ధాంతం అంతా విని. అతని మాటలో పస ఉంది. అందరికీ పంపే ప్రతి పేజీకీ ఇంత చేయను, నిజం చెప్పాలంటే. రాత లేని పేజీలైతే చిన్నది చేసి, పదును పెట్టి, పంపేస్తాను, అయిదు నిమిషాలు. కానీ ఆ రెండు క్షణాలు చూసేవాళ్ళ మాట పక్కన పెడితే, పదకొండేళ్ళ తర్వాత ఆ కాపీ వైపు కళ్ళు చికిలించుకుని చూసింది వాళ్ళు కాదు, నేను. పెద్ద ఫైలు పోవచ్చు, డిస్కు చావచ్చు, కంట్రోల్ ఎస్ నొక్కొచ్చు. ఊరి మీద వదిలిన చిన్న కాపీయే ఒక్కోసారి మిగులుతుంది. అది చదవడానికి వీలుగా ఉండాలా వద్దా?

పెద్దదే అందరికీ ఇచ్చేస్తే పోలా అంటారు ఇంకొందరు. నేనివ్వను. కిట్టు చేసినవాళ్ళు వాళ్ళ కాగితాలూ పువ్వులూ పూర్తి సైజులో బయటికి పోకూడదని షరతు పెట్టడం మామూలే. చదునుగా, చిన్నగా, జేపెగ్‌గా ఇవ్వడం ఆ షరతుకి మర్యాద. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. ఆ పాత పేజీ అంచున పాపాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ, సమయం, నక్షత్రం పాదంతో సహా ముద్దుగా రాశాను. 600లో ఎవరూ చదవలేకపోవడం ఆ ఒక్క చోట నా అదృష్టం. ఇప్పుడు అవన్నీ ఇంట్లో ఉండే పేజీలోనే. పంపేదానిలో "మా బుజ్జిది" అంటే చాలు. రెండో పేజీ వేయాలని నేను మొండికేయడానికి ఇది కూడా కారణం: ఇంటికి చెప్పేది, ఊరికి చెప్పేది ఒకటి కాదు.

ఇప్పుడు గింప్ వాడుతున్నాను. 2012లో 2.8 వచ్చినప్పటి నుంచి అందులో సేవ్ అంటే పొరలతో ఉన్న సొంత ఫైలు మాత్రమే. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అనే వేరే గుమ్మంలోంచి వెళ్ళాలి. కొత్తలో ఈ చాదస్తం ఏంట్రా బాబూ అని తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవట్లేదు. అయినా చిన్నది చేసే ముందు డూప్లికేట్ తీసి, అసలు ఫైలు మూసేస్తాను. మూసిన దాన్ని ఏ వేలూ చెరపలేదు. కాపీ పేరు చివర "పంపు" అని తగిలిస్తాను. పెద్దవి రెండు డిస్కుల్లో.

పుట్టువెంట్రుకల పేజీ మళ్ళీ చేయడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ ఒక్క మాట మాత్రం తేలలేదు. అమ్మకి ఫోన్ చేశాను.

"తాతమ్మే. ఆవిడ కొంగు మొహం మీద కప్పగానే ఊరుకుంది" అంది అమ్మ. తాతమ్మ పోయి ఆరేళ్ళు.

వెనక నుంచి నాన్న అందుకున్నారు. "ఇందులో అనుమానం ఏముంది, నా ఒళ్ళోనే!"

"మీరప్పుడు లడ్డూల క్యూలో ఉన్నారు."

"లడ్డూలు మర్నాడు తెచ్చాను."

చెల్లిని అడిగితే తనకి ఏడుపు ఒక్కటే గుర్తుందంది. ఫొటోలో పక్కన ఓ మోకాలు కనిపిస్తోంది. పంచో, తెల్లచీరో తెలియట్లేదు. చివరికి "తాత" వరకూ రాసి, ఆ పక్క అక్షరాల చోట పాత పేజీలోలాంటి ఎర్ర గుండీ ఒకటి అతికించాను, నీడ కాస్త పెంచి. ఫంక్షన్ రోజు నాన్న గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకల్లా ఆ వాక్యం చదివి వినిపించారు, గుండీ ఉన్న చోట తన వైపు వేలు చూపించుకుంటూ. అమ్మ తన వైపు చుట్టాలకి వేరేగా చదివింది.

ఆ గుండీ కింద నేనేమీ రాయలేదు. పెద్ద ఫైల్లో కూడా.